గది బాగుంది, గాలే బాగోలేదు

కుక్కను మూడు రోజులు ఒక బోర్డింగ్‌లో వదిలాను. నేల తళతళలాడుతోంది, తిండి టైముకి పెట్టారు, రోజూ వీడియోలు పంపారు, వీటికి వంక పెట్టలేను. కానీ ఇంటికొచ్చిన రెండో రోజు నుంచి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఖంగుఖంగుమని దగ్గు, చివర్లో తెల్లటి నురగ. కెనెల్ కాఫ్ (కుక్క నుంచి కుక్కకి అంటుకునే దగ్గు) అన్నారు డాక్టర్ గారు.

ఇది తరచూ ఒక్క క్రిమి పని కాదట. పారాఇన్‌ఫ్లుయెంజా లాంటి వైరస్ ముందు శ్వాసనాళం లోపలి కణాల్లో దూరి, మురికిని పైకి తోసేసే సన్నటి నూగును పాడుచేస్తుంది, ఆ సందులో బోర్డెటెల్లా బ్యాక్టీరియా వచ్చి తిష్ట వేస్తుంది. ఈ క్రిములు గాలిలో పాకుతాయి, కుక్కల ఫ్లూ కూడా ఇలాగే పాకుతుంది (గుర్రాల నుంచి దూకిన హెచ్3ఎన్8 అనే ఫ్లూ వైరస్ రకాన్ని 2004లో ఫ్లోరిడా రేసు కుక్కల్లో గుర్తించారు), పైగా దగ్గు మొదలవకముందే వైరస్ బయటికి వస్తుంటుంది. అందుకే "దగ్గే కుక్కల్ని మేం తీసుకోం" అన్న బోర్డింగ్ వాళ్ల మాట సగం రక్షణే.

ఎదురెదురుగా జాలీ గదులు, మూసిన కిటికీలు, అందరికీ ఒకటే నీళ్ల గిన్నె. టీకా కార్డు అడగనే లేదు! ఫోన్ చేసి చెబితే రోజూ ఫినాయిల్‌తో కడుగుతున్నాం అన్నారు. నేల కడిగితే గాలి బాగుపడుతుందా?

రెండు స్టార్లు, అవీ వీడియోలకే.