ఫస్టియర్ నర్సింగ్ కిట్: 1,700 పెట్టాక తెలిసిన సంగతులు

పోయినేడు జీఎన్‌ఎంలో (నర్సింగ్ డిప్లొమా) చేరిన పది రోజులకే మేడమ్ లిస్టు ఇచ్చారు. బీపీ ఆపరేటస్, స్టెత్, థర్మామీటర్, టార్చి, కత్తెర, ఆర్టరీ ఫోర్‌సెప్స్, కిడ్నీ ట్రే, టేపు, సెకన్ల ముల్లున్న వాచీ. ఒక్కోటి వెతుక్కుంటూ తిరిగే ఓపిక లేక కోఠిలో ఒక సర్జికల్ షాపులో అన్నీ కలిపిన కిట్ తీసుకున్నా. 1,850 చెప్పాడు, నాన్న బేరమాడితే 1,700కి ఇచ్చాడు. ఏడాదిగా వార్డుల్లో మోస్తున్నా కాబట్టి కొత్తగా చేరే చెల్లెళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు బీపీ ఆపరేటస్. కిట్ ఖరీదులో సగం దీనిదే అయ్యుంటుంది. పాదరసం రకం కాదు, గడియారంలా గుండ్రటి డయల్ ఉండేది. హాస్టల్‌కి తెచ్చి చూస్తే గాలంతా తీసేసినా ముల్లు సున్నా మీద ఆగలేదు, 6 దగ్గర నిలబడింది. కొత్తది కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నా. రిటర్న్ డెమో రోజు, అంటే నేర్పింది మేం చేసి చూపించే రోజు, మేడమ్ కంట్లో పడింది. "ఖాళీగా ఉన్నప్పుడే ఆరు చూపిస్తోందంటే, నువ్వు చూసే ప్రతి బీపీలో ఆ ఆరు కలిసినట్టే" అన్నారు. షాపుకి తీసుకెళ్తే ఆయన వేలితో రెండుసార్లు కొట్టి, "ఏం కాదమ్మా, వాడుతుంటే సెట్టవుతుంది" అన్నాడు. అరగంట కదలకుండా నిలబడితే మార్చి ఇచ్చాడు. మీరు మాత్రం కౌంటర్ దగ్గరే పెట్టె విప్పి ముల్లు చూసుకోండి.

అసలు గొడవ కఫ్‌తో, అంటే బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీతో వచ్చింది. ఫిమేల్ మెడికల్ వార్డులో నా మొదటి పోస్టింగ్, ఐదో బెడ్ మీద ఒక అవ్వ. చెయ్యి మరీ సన్నం. కఫ్ చుడితే రెండు చుట్లు తిరిగింది. "ఏంది బిడ్డా, చెయ్యి ఇరగలే కదా, కట్టు కడుతున్నవ్?" అంది. నేర్పినవన్నీ వరసగా చేశా. ఐదు నిమిషాలు కుదురుగా పడుకోబెట్టా. చెయ్యి గుండె ఎత్తుకి వచ్చేలా కింద దిండు పెట్టా. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది ఆగిపోయిందాకా గాలి కొట్టి, ఇంకో 30 ఎక్కించి, సెకనుకి రెండు మూడు పాయింట్ల చొప్పున వదిలా. స్టెత్‌లో మొదటి చప్పుడు 92 దగ్గర, ఆగిపోయింది 58 దగ్గర. నా గుండె జారిపోయింది. పరుగున వెళ్లి సిస్టర్‌కి చెప్పా.

సిస్టర్ వచ్చి, "అవ్వా, కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగింది. "లేదమ్మా, చాయ్ ఇంకా తేలే" అంది అవ్వ. సిస్టర్ అల్మరాలోంచి చిన్న కఫ్ తెచ్చి చూస్తే 112/70. కఫ్ లోపల గాలి నిండే సంచీ పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలని క్లాసులో రాసుకున్నాను, పరీక్షలో కూడా రాశాను. పెద్ద కఫ్ వేస్తే బీపీ తక్కువ చూపిస్తుందని మాత్రం ఆ రోజే ఒంటికి పట్టింది. అదే వారం మేల్ వార్డులో ఒక లావుపాటి ఆయనకి చుడితే గాలి ఎక్కుతుండగానే అంటు ఊడి టప్పున తెరుచుకుంది. ఒకవేళ నిలబడినా, చేతికి చిన్నదైతే లేని హైబీపీ చూపించేది. పెట్టె మీద మాత్రం "అందరికీ సరిపోతుంది" అని ఉంది!

చిన్న కఫ్ విడిగా 300 పెట్టి కొన్నా. తెచ్చాక తెలిసింది, దానికి ట్యూబు ఒకటే, నా ఆపరేటస్‌కి రెండు కావాలి. మళ్లీ కోఠి బస్సు. కొనేటప్పుడు పాత కఫ్ వెంట తీసుకెళ్లండి.

స్టెత్ మాత్రం బాగుంది. మొదటి రోజు ఏమీ వినబడక పాడైందనుకున్నా, తీరా చూస్తే తిరగేసి పెట్టుకున్నా. చెవిలో పెట్టుకునే కొసలు ముక్కు వైపుకి వంగి ఉండాలి. రబ్బరు వాసన పోవడానికి నెల పట్టింది.

డిజిటల్ థర్మామీటర్ పరవాలేదు, బీప్ మాత్రం వార్డు ఫ్యాన్ల హోరులో వినబడి చావదు. చంకలో పెట్టే ముందు చెమట అద్దాలి, రుద్దకూడదు, రుద్దితే అక్కడ వేడి పెరుగుతుంది. నోట్లో కంటే చంకలో ఒక డిగ్రీ దాకా తక్కువ వస్తుంది కాబట్టి చార్టులో ఎక్కడ చూశారో రాయడం మర్చిపోకండి.

వాచీ దండగ. యూనిఫాం మీద వేలాడదీసే రకం. సెకన్ల ముల్లు ప్రతిసారీ 9 దగ్గర ఆగి ఆలోచించుకునేది. ఒకే పేషెంటుకి నా లెక్కలో పల్స్ 96, నా ఫ్రెండ్ లెక్కలో 84. ఊపిరి లెక్కపెట్టడం ఇంకా కష్టం. చూస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు, అందుకని నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని ఛాతీ వైపు చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాలి. అప్పుడు ముల్లు మొరాయిస్తే ఏం చేస్తాం? వారానికే 200 పెట్టి వేరేది కొన్నా. ఆర్టరీ ఫోర్‌సెప్స్ ఒక్కసారి మరిగిస్తే కీలు దగ్గర తుప్పు పట్టింది.

మొత్తానికి 5కి 2.5 ఇస్తా. స్టెత్, ఆపరేటస్ విడిగా మంచివి చూసి తీసుకోండి, మిగతావి సీనియర్ అక్కల దగ్గర సగం ధరకి దొరుకుతాయి. కిడ్నీ ట్రే అయితే కొననే అక్కర్లేదు, వార్డుల్లో బోలెడుంటాయి. నాది ఇంకా వార్డు ముఖం చూడలేదు. హాస్టల్‌లో ఉడకబెట్టిన పల్లీలు అందులోనే తింటున్నాం.