బాలిలో ఈశాన్య మూల

కూటాలో డబ్బు మార్చుకోవద్దు. బాలి వెళ్ళేవాళ్ళకు ముందుగా ఈ మాట చెప్పాలి. బట్టల దుకాణంలో ఓ మూల బల్ల వేసుకుని, బయట ఆశపెట్టే ధర రాసిన చోటికి అసలే వెళ్ళవద్దు.

2025 జులైలో మావారు, మా అత్తయ్య, నేను బెంగళూరు నుంచి నేరుగా డెన్‌పసార్‌లో దిగాం. వీసాకు మనిషికి 5 లక్షల రుపియాలు (ఇండోనేషియా డబ్బు), పర్యాటకుల రుసుము లక్షా 50 వేలు. రెండూ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కట్టాం కాబట్టి విమానాశ్రయంలో ఏ ఇబ్బందీ లేదు. అప్పుడు మన రూపాయికి దాదాపు 190 రుపియాలు.

ఆ సాయంత్రమే కూటాలో అలాంటి బల్ల దగ్గర మోసపోయాం. బోర్డు మీద డాలరుకు 16,900 అని ఉంది, మిగతా చోట్ల 16,200. ఆ తేడా చూసే మావారు లోపలికి నడిచారు. 200 డాలర్లకు 33 లక్షల 80 వేలు రావాలి. లక్ష నోట్లు లేవంటూ బల్ల వెనకున్న మనిషి అన్నీ 50 వేల నోట్లే పదేసి చొప్పున బల్ల మీద పేర్చాడు. మావారు ఒకసారి, నేను ఒకసారి లెక్కపెట్టాం. సరిగ్గా 67 నోట్లు, పైన 30 వేలు. అప్పుడతను కట్టను వెనక్కి తీసుకుని, అంచులు సర్దుతున్నట్టు బల్లకు రెండుసార్లు తాటించి మా చేతిలో పెట్టాడు. గదికి వచ్చి చూస్తే 55 నోట్లే ఉన్నాయి. 12 నోట్లు, అంటే మన డబ్బులో 3 వేల పైమాటే, ఆ రెండు తాటింపుల్లో బల్ల వెనక్కి జారిపోయాయి. మర్నాడు పొద్దున్నే వెళితే బోర్డూ లేదు, బల్లా లేదు. చొక్కాలు అమ్మే అమ్మాయి తనకేమీ తెలియదంది. బ్యాంకులోనో, ఆ దేశపు కేంద్ర బ్యాంకు 'బ్యాంక్ ఇండోనేషియా' అనుమతి ఉన్న కేంద్రంలోనో మార్చుకోండి. మీరు లెక్కపెట్టిన నోట్లను మళ్ళీ ఎవరి చేతికీ ఇవ్వకండి.

కూటాలో ఉన్న రెండు రోజులూ మావారి మనసు ఆ 12 నోట్ల దగ్గరే ఉండిపోయింది. అత్తయ్య బాధ వేరు. అక్కడి కారప్పచ్చడి సంబల్‌లో తరచూ రొయ్యల ముద్ద కలుపుతారని తెలిసినప్పటి నుంచి ఆవిడ అరటిపండ్లు, బొప్పాయి తప్ప ఏదీ ముట్టలేదు. శాకాహారులు 'తన్‌పా తెరాసి' అనే మాట గుర్తుపెట్టుకోండి. రొయ్యల ముద్ద వద్దని దాని అర్థం. ఉలువాతు కొండ అంచున కెచక్ అనే నృత్యం చూశాం, టికెట్టు లక్షా 50 వేలు. వాద్యాలేవీ లేకుండా, వలయంగా కూర్చున్న మగవాళ్ళ 'చక్ చక్' అనే గొంతులతోనే రామాయణం నడుస్తుంది. హనుమంతుడి చుట్టూ మంట అంటించినప్పుడు మాత్రం అత్తయ్య ముఖం వికసించింది.

మూడో రోజు ఉబుద్‌లో ఒక కుటుంబం తమ ఇంటి ఆవరణలోనే అద్దెకిచ్చే గదులకు మారాం. గదికి రోజుకు 4 లక్షలు, పొద్దుటి ఫలహారంతో కలిపి. యాత్ర మొత్తంలో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు ఇదే. గేటు దాటగానే అత్తయ్య చుట్టూ చూసి, "అమ్మాయ్, గుడి ఈశాన్యంలోనే ఉంది చూశావా?" అంది. నిజమే. అక్కడి ఇళ్ళలో కులదేవతల గుడి ఆ మూలనే కడతారు. కానీ లోపల విగ్రహం లేదు. ఎత్తయిన రాతి పీఠం మీద ఖాళీ ఆసనం ఉంది. దాన్ని పద్మాసనం అంటారు. దేవుడు రూపం లేనివాడని, పిలిచినప్పుడు వచ్చి కూర్చుంటాడని ఇంటావిడ చెప్పింది. అత్తయ్యకు మొదట మింగుడుపడలేదు. సాయంత్రం ఆరింటికి దగ్గరి మైకులోంచి 'ఓం బుర్ బువహ్ స్వహ్' అని వినిపించింది. అది మన గాయత్రే. వాళ్ళు మూడు పూటలా చేసే త్రిసంధ్య ఆ మంత్రంతోనే మొదలవుతుంది. అత్తయ్య చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆ ఖాళీ ఆసనం వైపు తిరిగి దండం పెట్టుకుంది.

తీర్థ ఎంపుల్‌కు వెళ్ళాలంటే గుడి తెరిచేసరికే చేరండి. పెద్దలకు ప్రవేశం 75 వేలు. 962లో వెలసిన ఈ క్షేత్రంలో ఊట నీళ్ళు నల్లటి ఇసుకను తోసుకుంటూ పైకి వస్తాయి. కొలనులో వరసగా ధారలు ఉంటాయి, ఎడమ నుంచి ఒక్కొక్కదాని కింద తల వంచుతూ వెళ్ళాలి. వాటిలో రెండింటిని వదిలేయాలి, అవి చనిపోయినవారి కర్మలకు. అత్తయ్య వాటి ముందు ఒక నిమిషం ఆగి, మామయ్యను తలచుకుని ముందుకు కదిలింది. పదకొండు గంటలకు ఫొటోల కోసం వచ్చినవాళ్ళతో కొలను నిండిపోయింది.

తెగళ్ళలాంగ్ పొలాల మెట్లు, పెద్ద ఊయలలు చూడకపోయినా పోయేదేమీ లేదు. వరి పొలాలు చూడాలనుంటే జతిలువి వెళ్ళండి. గుడుల ద్వారా నీళ్ళు పంచుకునే సుబక్ పద్ధతికి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆ పద్ధతి అక్కడ కళ్ళ ముందు నడుస్తుంది.

ఇక రోజూ పొద్దున్నే ఇంటావిడ అరుగు మీద కూర్చుని చనాంగ్, అంటే దేవుడికి పెట్టే పూల నైవేద్యం, కట్టేది. లేత కొబ్బరాకుతో అరచేతంత పళ్ళెం చేసి, అందులో తమలపాకు, సున్నం, వక్క పెట్టి, పైన పూలు సర్దుతుంది. తూర్పుకు తెల్లవి, దక్షిణానికి ఎర్రవి, పడమటికి పసుపువి, ఉత్తరానికి నీలివి. రెండో రోజు అత్తయ్య వెళ్ళి పక్కన కూర్చుంది. కోనసీమలో పుట్టి, పెళ్ళిళ్ళకు వందల విస్తళ్ళు కుట్టిన చెయ్యి ఆవిడది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇంటావిడ అందించిన వెదురు పుల్లను అత్తయ్య ఈనెపుల్లలా గోటితో చీల్చి, ఆకు మడత విప్పుకోకుండా రెండే కుట్లతో బిగించింది. ఇంటావిడ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. తను కట్టినవన్నీ గుమ్మాల దగ్గర, పొయ్యి దగ్గర పెట్టి అగరుబత్తి వెలిగించింది. అత్తయ్య కట్టినది మాత్రం ఈశాన్య మూలకు తీసుకెళ్ళి, ఆ ఖాళీ ఆసనం ముందు పెట్టింది.