మీ డొమైన్ లాగిన్ ఏ మెయిల్ మీద ఉందో ఈ రాత్రికే చూసుకోండి

కాశీబుగ్గలో మాది చిన్న జీడిపప్పు షాపు. ఆరేళ్ల కిందట ఒక డాట్ కామ్ పేరు (డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రస్) కొనుక్కుని పలాస పప్పు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. గత నెల ఆ పేరే దొంగలపాలైంది. డొమైన్ కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి.

"మీ డొమైన్ గడువు ఈ రోజే ముగుస్తుంది" అని మెయిల్ వచ్చింది. నిజంగానే రెన్యువల్ నెల కావడంతో మా తమ్ముడికి అనుమానం రాలేదు. లింకు నొక్కితే మేం కొన్న కంపెనీ పేజీలాగే ఉంది, పాస్‌వర్డ్ కొట్టేశాడు. దొంగలు అసలు అకౌంట్లోకి వెళ్లి పేరు వేరే కంపెనీకి పోకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్ తీసి, మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్ (ఆథ్ కోడ్)తో పేరును వేరే కంపెనీకి మార్చమని పెట్టారు.

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. డాట్ కామ్ పేరు ఇలా మారేటప్పుడు పాత కంపెనీ ఓనర్‌కి మెయిల్ పంపుతుంది. వద్దంటే ఐదు రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క! ఆ మెయిల్ మాకు వచ్చింది. పెళ్లిళ్ల సీజన్, రాత్రి పదకొండు దాకా ప్యాకింగ్. ఎవరం చూడలేదు.

వారం తర్వాత విశాఖ నుంచి పాత కస్టమర్ ఫోన్ చేసి, "అన్నా, మీ సైట్లో క్యూఆర్ కోడ్ మారిందేంటి?" అన్నాడు. అప్పటికి ఆ డొమైన్ మీదే నడిచే మా ఆర్డర్ల మెయిల్ కూడా ఆగిపోయింది. లాగిన్‌కి ఇచ్చిందీ అదే మెయిల్. ఇంకో మెయిల్ నుంచి రాస్తే ఓనర్ మీరేనని నమ్మకమేంటని కంపెనీవాళ్లు అడిగారు. జీఎస్టీ కాగితాలు, ఆరేళ్ల బిల్లులు పంపించాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. ఒకసారి కంపెనీ మారిన పేరును మామూలుగా 60 రోజుల దాకా మళ్లీ మార్చనివ్వరు. ఆలోగా వెనక్కి తెప్పించాలని రోజూ తిరుగుతున్నాం. రిజిస్టర్ చేసిన ట్రేడ్‌మార్క్ ఉంటే డొమైన్ వివాదాల కింద కేసు వేయడం తేలికయ్యేది, మేం ఎప్పుడూ తీసుకోలేదు.

లాగిన్‌కి ఆ డొమైన్‌తో సంబంధం లేని మెయిల్ ఇవ్వండి, ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా పెట్టుకోండి. రెన్యువల్ మెయిల్లో లింకు నొక్కొద్దు, కంపెనీ సైట్‌ని మీరే తెరిచి చూడండి. డొమైన్‌ని వెబ్‌సైట్ చేసిచ్చే కుర్రాడి పేరు మీద కొననివ్వకండి.

మా దగ్గర పప్పు కొనేవాళ్లకి: ఆ సైట్లో ఇప్పుడు డబ్బు కట్టొద్దు. పాత బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేసి, మా గొంతు విన్నాకే పంపండి.