సిలికాన్ సీతాఫలానికి రంగు: కలిపి పోయాలా, పైన పూయాలా? ఏది మేలు?

సిలికాన్‌కు సిలికాన్ తప్ప మరొకటి అంటదు. యాక్రిలిక్ గానీ, ఎనామిల్ గానీ పూస్తే ఆరాక చక్కగానే ఉంటుంది, కాయను రెండుసార్లు వత్తితే పొట్టులా లేస్తుంది. కాబట్టి పాలమూరు సీతాఫలమో, నల్లగొండ బత్తాయో అచ్చులో సిలికాన్ పోసి నమూనాగా చేసేవాళ్లకు మిగిలేవి మూడు పద్ధతులు.

మొదటిది, పోసే ముందే రంగు కలపడం. ఇది అరగదు, గీరినా లోపలా అదే రంగు. 200 గ్రాముల సిలికాన్‌కు సిలికాన్ పిగ్మెంట్ (సిలికాన్‌లో కలిపే రంగు) ఒక గ్రాము చాలాసార్లు సరిపోతుంది, 4 గ్రాములు దాటించొద్దు. ఎక్కువైతే ముక్క మెత్తబడుతుంది, కొన్నిసార్లు సరిగా గట్టిపడదు. సిలికాన్ రెండు భాగాలుగా వస్తుంది, రెండూ కలిస్తేనే గట్టిపడుతుంది. పిగ్మెంట్‌ను ముందు ఒక భాగంలో బాగా కలిపి, ఆ తర్వాతే రెండో భాగం పోయాలి. లేకపోతే చారలు పడతాయి. నీళ్ల రంగులు కలపొద్దు. దీని లోపం ఒక్కటే: కాయంతా ఒకే రంగు, ప్రాణం లేనట్టు ఉంటుంది.

రెండోది, అదే రకం సిలికాన్‌ను పలచన చేసి పైన పూయడం. రెండు భాగాలు కలిపి, పిగ్మెంట్ వేసి, బ్రష్‌కైతే సిలికాన్‌తో సమాన తూకం నాఫ్తా (పలచన చేసే ద్రావకం), స్ప్రేగన్‌కైతే రెండుమూడింతలు కలపాలి. అచ్చులోంచి తీసిన రోజే పూస్తే పట్టు బాగుంటుంది. అంతకుముందు, కాయ అంటుకోకుండా అచ్చుకు కొట్టిన రిలీజ్ స్ప్రే జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి.

ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. సిలికాన్‌లో టిన్, ప్లాటినం అని రెండు రకాలు. వందకు మూడు, అయిదు పాళ్ల కెటలిస్టు (గట్టిపరిచే మందు) వేసే టిన్ రబ్బరు మీద ప్లాటినం సిలికాన్ పూస్తే రోజులు గడిచినా జిగటగానే ఉంటుంది. లేటెక్స్ గ్లవ్స్ తాకినా అంతే, నైట్రైల్ వాడాలి. ఎండకాలం మరో తిప్పలు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ప్లాటినం సిలికాన్ పనిచేసే సమయం సుమారు సగానికి తగ్గుతుంది. 23 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆగేది, 43 దగ్గర అయిదు నిమిషాలకే బిగుసుకుంటుంది. డబ్బాలు సల్లగా ఉంచి, పొద్దుగాల కొంచెం కొంచెమే కలుపుకోవాలి. నాఫ్తాకు నిప్పు దగ్గరుండొద్దు. బట్ట మాస్కు ఆ ఆవిరిని ఆపదు, ఆవిరిని పట్టే వడపోత డబ్బా ఉన్న కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి.

మూడోది చవక దారి: వెనిగర్ వాసన వచ్చే పారదర్శక ట్యూబు సిలికాన్, టర్పెంటాయిల్, చిటికెడు ఆయిల్ కలర్. టిన్, ప్లాటినం రెండింటి మీదా పనిచేస్తుంది. గాలిలో తేమ ఉంటేనే ఇది గట్టిపడుతుంది కనుక మే నెల పొడిగాలిలో ఆలస్యమవుతుంది, గదిలో తడిబట్ట ఆరేయాలి. ఒంటికి తగిలే వస్తువులకు మాత్రం వద్దు.

సీతాఫలానికి మా మాట: కలిపి పోయడం, పైన పూయడం రెండూ వాడండి, కానీ ఏ రంగు ఎక్కడన్నది ముఖ్యం. చాలామంది మీగడ రంగులో పోసి, కండ్ల (తొక్క మీది ఉబ్బెత్తు గడుల) మీద ఆకుపచ్చ పూస్తారు. చేయి రాసుకునేది ఉబ్బెత్తు కండ్లకే, కొన్నాళ్లకు అక్కడే తెల్లబడుతుంది. ఆకుపచ్చను కలిపి పోసి, కండ్ల నడుమ గాడుల్లోకి మీగడ రంగు పారించి, పైది గుడ్డతో తుడిచేయండి. గాడిలో రంగుకు రాపిడి తగలదు. బత్తాయికి గాడులు లేవు. అందుకే పసుపుపచ్చను కలిపే పోసి, తొడిమ చుట్టూ మాత్రం స్పాంజితో పలచగా ఆకుపచ్చ అద్దితే చాలు.