ఈథర్స్ జేఎస్‌తో నాలుగేళ్లు

ఇథీరియం బ్లాక్‌చెయిన్‌తో జావాస్క్రిప్ట్ కోడ్ నుంచి మాట్లాడటానికి వాడే లైబ్రరీ ఈథర్స్ జేఎస్. అదే పని చేసే వెబ్3 జేఎస్ నుంచి 2021లో దీనికి మారాను. 2025 మార్చిలో ఆ పాతదాన్ని ఆర్కైవ్ చేసేశారు కాబట్టి, ఆలస్యంగా మారే బాధ తప్పింది నాకు.

మొదట నచ్చింది, బ్లాక్‌చెయిన్‌ని చదవడానికి ప్రొవైడర్, లావాదేవీల మీద సంతకానికి సైనర్ అని రెంటినీ విడగొట్టడం. బ్యాలెన్సులు చూసే మా సర్వీసులో ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్య కోడ్) ఊసే ఉండదు. కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్. దాని ఫంక్షన్ల జాబితా అయిన ఏబీఐకి కూడా పేజీలకొద్దీ జేసన్ అక్కర్లేదు, వాడే ఫంక్షన్‌ని ఒక్క లైనులో రాస్తే చాలు.

ఐదో వెర్షన్ నుంచి ఆరుకి మారడానికి మూడు రోజులు పట్టింది. పెద్ద సంఖ్యల కోసం ఉన్న బిగ్‌నంబర్ పోయి జావాస్క్రిప్ట్ సొంత బిగ్‌ఇంట్ వచ్చింది. యాడ్, మల్ అని పిలిచే చోట మామూలు ప్లస్సు, స్టార్ పెడితే సరిపోతుంది, హాయి. కానీ డేటాని టెక్స్ట్‌గా మార్చే జేసన్ స్ట్రింగిఫై బిగ్‌ఇంట్‌ని చూడగానే ఎర్రర్ కొడుతుంది. బ్యాలెన్స్ పంపే ప్రతి ఏపీఐలో స్ట్రింగ్‌గా మార్చుకుంటూ కూర్చున్నాం.

నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. యూఎస్‌డీసీ (డాలర్ విలువకి కట్టిన టోకెన్) పంపే కోడ్‌లో అలవాటుగా, ఈథర్ మొత్తాన్ని అతి చిన్న యూనిట్లలోకి మార్చే పార్స్‌ఈథర్ వాడేశాను. ఇథీరియం సొంత నాణెం ఈథర్‌కి 18 దశాంశ స్థానాలు, యూఎస్‌డీసీకి ఆరే. 5 డాలర్లు పంపమంటే అది 5 లక్షల కోట్లు అని అర్థం చేసుకుంది! నిజమైన డబ్బు లేని టెస్ట్‌నెట్ కాబట్టి నవ్వుకున్నాం. అంత బ్యాలెన్స్ లేక గ్యాస్ (లావాదేవీ ఫీజు) లెక్కకట్టే దశలోనే ఆగిపోయింది. అప్పటినుంచి యూఎస్‌డీసీకి పార్స్‌యూనిట్స్ (దశాంశ స్థానాలు మనమే చెప్పేది), పక్కన 6.

అసలు తలనొప్పి వెబ్‌సాకెట్‌తో, అంటే నోడ్‌తో (బ్లాక్‌చెయిన్ కాపీ ఉంచే సర్వర్) తెరిచే ఉంచే కనెక్షన్‌తో. ఒక రాత్రి మా నోడ్ కనెక్షన్ తెగింది. ప్రాసెస్ బతికే ఉంది, ఎర్రర్ లేదు, లాగ్‌లో చప్పుడు లేదు. పొద్దున కస్టమర్ ఫోన్ చేసి "డబ్బు వేశాను, కనబడట్లేదేంటి?" అనేదాకా తెలియలేదు. వెబ్‌సాకెట్ ప్రొవైడర్ తనంతట తాను మళ్లీ కనెక్ట్ అవదు, ఆ పని మనదే. నేను రాసుకోలేదు, అంతే. ఇప్పుడు 30 సెకన్లకోసారి తాజా బ్లాక్ (లావాదేవీల కట్ట) నంబర్ అడుగుతాం. జవాబు రాకపోతే ప్రొవైడర్‌ని కొత్తగా కట్టి, డేటాబేస్‌లో దాచిన ఆఖరి బ్లాక్ నుంచి క్వెరీఫిల్టర్‌తో పాత ఈవెంట్లు (కాంట్రాక్ట్ రాసే రికార్డులు) లాగుతాం. ఒకేసారి ఎన్ని బ్లాకులు అడగొచ్చో నోడ్ ఇచ్చేవాళ్లని బట్టి ఉంటుంది, ముక్కలు చేసి అడగడం మేలు. తొందర లేని చోట హెచ్‌టీటీపీ ప్రొవైడరే చాలు. అది ప్రతి 4 సెకన్లకీ తనే వెళ్లి చూసుకుంటుంది.

కొత్త ఫ్రంటెండ్‌కి మావాళ్లు వియెమ్ అనే మరో లైబ్రరీ తీసుకున్నారు, నేను అడ్డు చెప్పలేదు. బ్యాకెండ్ మాత్రం కదిపేది లేదు. అందులో పార్స్‌ఈథర్ అని వెతికితే ఇప్పుడు రెండే చోట్ల దొరుకుతుంది, రెండూ నిజంగా ఈథర్ పంపేవే.