మాథెరాన్ రివ్యూ: కార్లు లేని ఊరు చాలా బాగుంది, మనిషి లాగే రిక్షా మాత్రం ఎక్కకండి

ముందే చెప్పేస్తున్నా, మాథెరాన్ వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నడవండి, షటిల్ రైలెక్కండి, ఓపిక లేకపోతే ఈ-రిక్షా ఎక్కండి. మనిషి లాగే రిక్షా మాత్రం వద్దు. ఊరికి నేను అయిదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కింద రాశాను. రివ్యూల్లో అందరూ వ్యూ పాయింట్ల గురించి, రూముల గురించి రాస్తున్నారు గానీ ఈ ఊళ్ళో అసలు చూడాల్సింది మనుషులు ఎలా తిరుగుతున్నారు, సామాను ఎలా వస్తోంది అన్నదే, దాని గురించి ఎవరూ సరిగ్గా రాయట్లేదు.

తెలియనివాళ్ళకి, ఇది మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న హిల్ స్టేషన్. 1850లో హ్యూ మాలెట్ అని అప్పటి ఠాణే కలెక్టర్ ఈ కొండ మీదకి వచ్చాక దీని పేరు బయటికి తెలిసింది. 2003లో కేంద్రం ఎకో సెన్సిటివ్ జోన్, అంటే ప్రకృతిని కాపాడటానికి ఆంక్షలు పెట్టిన ప్రాంతం అని ప్రకటించింది. మోటారు బండ్లని ఊళ్ళోకి రానివ్వరు, అంబులెన్స్, ఫైరింజన్ లాంటివి, కోర్టు ఒప్పుకున్న ఈ-రిక్షాలే మినహాయింపు. మీది ఎంత పెద్ద కారైనా దస్తూరి నాకా దగ్గర పార్కింగ్‌లో పెట్టి దిగాల్సిందే, అక్కడ నుంచి బజారు దాకా రెండున్నర మూడు కిలోమీటర్లు ఉంటుంది.

ముంబై నుంచి కర్జత్ లోకల్ ఎక్కితే నేరల్‌లో దిగొచ్చు, స్టేషన్ బయటే షేర్ టాక్సీలు ఉంటాయి, ఘాట్ రోడ్డు మీద దస్తూరి దాకా తీసుకొస్తాయి. సొంత కారు తీసుకెళ్ళి లాభం లేదని నా అభిప్రాయం, ఎలాగూ పార్కింగ్‌లో పడుండేదానికి ఆ మలుపుల్లో డ్రైవింగ్ ఎందుకు.

దస్తూరిలో దిగగానే జాగ్రత్తగా ఉండాలి. గుర్రాలవాళ్ళు, ఏజెంట్లు చుట్టూ మూగుతారు, మాకు ఒకతను రైలు ఇవాళ లేదు, నడిస్తే గంటన్నర పడుతుంది, గుర్రం తప్ప దారి లేదు అని మొహం మీదే చెప్పాడు, పది నిమిషాలు నడిచి అమన్ లాడ్జ్ స్టేషన్‌కి వెళ్తే రైలు నిలబడి ఉంది! ఇది మా ఒక్కరి గోడే కాదు, టూరిస్టుల్ని ఇలా మోసం చేస్తున్నారని 2025 మార్చిలో ఊరివాళ్ళే షాపులు, హోటళ్ళు మూసేసి బంద్ చేశారు. నాకు అది చాలా నచ్చింది, తమ ఊరి పేరు పాడవుతోందని వాళ్ళకే బాధ ఉంది. మీరు మాత్రం ఎవరేం చెప్పినా వినకుండా స్టేషన్‌కి నడవండి, పట్టాల పక్కనే దారి.

షటిల్ రైలు గురించి ఎంత చెప్పినా తక్కువే. అమన్ లాడ్జ్ నుంచి మాథెరాన్ స్టేషన్ దాకా సుమారు ఇరవై నిమిషాలు, చెట్ల మధ్యలోంచి మెల్లగా పోతుంది. రెండడుగుల గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం మన రెండున్నర జానలకి కాస్త ఎక్కువ, అంత సన్నం. ఆదంజీ పీర్‌భాయ్ కుటుంబం పదహారు లక్షలు పెట్టి కట్టించిన లైన్ ఇది, 1907లో మొదలైంది, నేరల్ నుంచి పైదాకా మొత్తం 21 కిలోమీటర్లు. 2019 వానలకి పట్టాలు కొట్టుకుపోయి కింద నుంచి వచ్చే రైలు ఆగిపోతే 2022 అక్టోబర్‌కి గానీ మళ్ళీ మొదలవలేదు. వానాకాలంలో ఆ పెద్ద లైన్ ఎలాగూ ఆపేస్తారు, షటిల్ మాత్రం నడుస్తుంది. రద్దీ రోజుల్లో సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి శని ఆదివారాలు వదిలేసి మామూలు రోజుల్లో వెళ్ళండి.

ఊళ్ళోకి వచ్చాక ఏం జరుగుతుందంటే, ఒక గంటలో మీ మెడ తిరగడం ఆగిపోతుంది. రోడ్డు మీద నడుస్తుంటే వెనక నుంచి ఏ బండి వస్తుందో అని మనం అస్తమానం చూసుకుంటూ ఉంటాం కదా, ఆ భయం ఇక్కడ అక్కర్లేదు, మా అమ్మ రోడ్డు మధ్యలో నడుస్తూ అటూ ఇటూ షాపులు చూసుకుంటూ వెళ్ళింది, పిల్లల చెయ్యి వదిలేశాం, వాళ్ళు ముందు పరిగెత్తారు, ఎవరికీ కంగారు లేదు. హారన్ లేదు. సాయంత్రం చార్లెట్ లేక్ వైపు వెళ్తే పక్షుల కూతలు, గుర్రం డెక్కల చప్పుడు, ఎవరో దూరంగా మాట్లాడుకుంటున్న మాటలు కూడా వినపడ్డాయి. ఇంటికి వచ్చాక నాకు వ్యూ పాయింట్ల కంటే ఇదే ఎక్కువ గుర్తుంది.

ఇప్పుడు ఆ తగ్గిన స్టార్ సంగతి. కారు లేదంటే బరువు లేదని కాదు, ఆ బరువు ఇంకెవరో మోస్తున్నారని. గ్యాస్ బండలు, కూరగాయలు, సిమెంటు, మన సూట్‌కేసులు అన్నీ గుర్రాల మీద, తోపుడు బండ్ల మీద, కూలీల నెత్తి మీదే వస్తాయి. మేం వెళ్ళేనాటికి లైసెన్సు ఉన్న లాగుడు రిక్షాలు 94, గుర్రాలు నాలుగొందల పైచిలుకు. బజారు దగ్గర ఏటవాలులో ఒక రిక్షా మాకు ఎదురొచ్చింది, ముందు ఒకాయన కర్రలు రెండు చేతులా పట్టుకుని ఒళ్ళంతా ముందుకి వంచి లాగుతున్నాడు, వెనక ఇద్దరు తోస్తున్నారు, ఎర్రమట్టి మోకాళ్ళ దాకా పట్టేసి ఉంది, లోపల కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటున్నాడు. దిగుడులో ఇంకా ఘోరం, బండి మీదకి దొర్లిపోకుండా ముందున్న మనిషి మడమలు నేలకి తన్నిపెట్టి వెనక్కి వాలి ఆపుకుంటూ దిగుతాడు. చూడలేకపోయాను.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఇది అమానుషం, ఆరు నెలల్లో ఆపేయండి, వాళ్ళకి ఈ-రిక్షాలు ఇచ్చి బతుకు చూపించండి, డబ్బుల్లేవని సాకు చెప్పొద్దు అని మహారాష్ట్ర ప్రభుత్వానికి చెప్పింది. గుజరాత్‌లో పటేల్ విగ్రహం ఉన్న కెవడియా దగ్గర ఈ-రిక్షాలు నడిపినట్టు ఇక్కడా స్కీము పెట్టమంది. మేం వెళ్ళింది ఆ తర్వాత నవంబర్‌లో, అప్పటికి గడువు ఇంకా అయిపోలేదు, రిక్షాలు ఇంకా కనపడ్డాయి. ఒక రిక్షా ఆయన్ని అడిగితే ఈ-రిక్షా చేతికిస్తే రేపటి నుంచి దీన్ని ముట్టుకోను సార్ అన్నాడు. లాగుడు రిక్షాని కాపాడాలి, ఇది మన పాత సంప్రదాయం అని రాసేవాళ్ళు ఒక్కసారి ఆయన భుజాలు చూడాలి.

ఈ-రిక్షాలు 2022 డిసెంబర్‌లో కోర్టు అనుమతితోనే ట్రయల్‌గా వచ్చాయి, అప్పుడు టూరిస్టులకి 35 రూపాయలు, స్కూలు పిల్లలకి 5 రూపాయలు పెట్టారు. అంతకుముందు పిల్లలు రోజూ అంత దూరం నడిచేవాళ్ళే, ముసలివాళ్ళు ఆస్పత్రికి వెళ్ళాలంటే నరకమే. గుర్రాలవాళ్ళకి ఈ-రిక్షాలంటే కోపం, వాళ్ళ సంపాదన పోతుందని, అది నిజమే కూడా, వాళ్ళ గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి. కానీ ఈ-రిక్షా వస్తే ఊరు పాడైపోతుంది అన్న మాట నేను ఒప్పుకోను. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ చూడండి, పెట్రోలు డీజిల్ కార్లన్నీ 5 కిలోమీటర్ల కింద టేష్‌లో ఆపేస్తారు, అక్కడ నుంచి 12 నిమిషాల రైలు, ఊళ్ళో చిన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లు తిరుగుతాయి, అయినా అది కార్లు లేని ఊరుగానే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. వెనిస్‌లో అంబులెన్సు కూడా పడవే. అమెరికాలో మాకినా ద్వీపం వాళ్ళు 1898 నుంచి కార్లు వద్దన్నారు, సైకిళ్ళు, గుర్రబ్బండ్లు. ఎవరి ఏర్పాటు వాళ్ళది, మనిషిని మనిషి లాగే ఏర్పాటు మాత్రం ఇంక వద్దు.

పేవర్ బ్లాకుల (రోడ్డు మీద పరిచే సిమెంటు ఇటుకల) గొడవ కూడా ఉంది. దస్తూరి నాకా నుంచి శివాజీ విగ్రహం దాకా వేసుకోవచ్చు, లోపలి రోడ్ల మీద, ట్రెక్కింగ్ దారుల్లో వద్దు అని కోర్టు చెప్పింది. నాకు ఇది సబబుగానే అనిపించింది, లోపల మట్టి దారి మీద నడవడంలోనే మజా, కానీ మెయిన్ దారి ఎర్ర దుమ్ములో సూట్‌కేసు చక్రాలు అస్సలు తిరగవు.

ఇంక చిన్న చిన్నవి. తెల్ల బట్టలు, తెల్ల బూట్లు వేసుకోకండి. ట్రాలీ బదులు వీపుకి తగిలించుకునే బాగ్ తీసుకెళ్ళండి, అప్పుడు కూలీ కూడా అక్కర్లేదు, ఒకవేళ కూలీని పెట్టుకుంటే రేటు ముందే మాట్లాడుకుని, ఎక్కువ బేరం ఆడకుండా ఇచ్చేయండి, ఆ దారిలో ఒక్కసారి నడిస్తే మీకే అర్థమవుతుంది. గుర్రాల లద్దె దారంతా ఉంటుంది, రాత్రిపూట టార్చ్ కావాలి. చేతిలో తినేది కనపడితే కోతులు లాక్కుపోతాయి, చిక్కీ ప్యాకెట్ బాగ్ లోపలే పెట్టుకోండి. పనోరమా పాయింట్ దూరం, పొద్దున్నే బయలుదేరండి. రూము బుక్ చేసేటప్పుడు మాథెరాన్ స్టేషన్‌కి ఎంత నడక అని ఫోన్ చేసి అడగండి, మా హోటల్ వాళ్ళు అయిదు నిమిషాలు అన్నారు, పెద్దవాళ్ళతో అరగంట పైనే పట్టింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే స్టేషన్ పక్కనే తీసుకోండి, రెండొందలు ఎక్కువైనా పర్లేదు.