విజయనగరంలో ఒక గిటార్ తరగతి: వేళ్ళకు పూర్తి మార్కులు, చెవికి సగమే

విజయనగరంలో గంటస్తంభానికి నడక దూరంలో, ఒక మేడ మీద నడిచే గిటార్ తరగతిలో కొంతకాలంగా నేర్చుకుంటున్నాను. గిటార్ చక్కగా వాయించేవారిని తయారుచేయడంలో ఈ తరగతికి వంక పెట్టలేము. సంగీతజ్ఞులను తయారుచేస్తుందా అన్నది మాత్రం మనం ఏ మాస్టారి బ్యాచ్‌లో పడతామన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

ముందుగా వేళ్ళ సంగతి. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది ఎఫ్ బార్ కార్డ్ (కార్డ్ అంటే కొన్ని స్వరాలను ఒకేసారి పలికించడం) దగ్గరికి వచ్చేసరికి గిటార్‌ను అటకెక్కిస్తారు. చూపుడువేలిని మొదటి ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీది అడ్డ కడ్డీల మధ్య ఉండే మొదటి గడిలో, ఆరు తీగల మీదా అడ్డంగా అదిమిపెట్టాలి, అయినా ఏదో ఒక తీగ మూగబోతుంది. ఇక్కడి మాస్టార్లు ఇంకా గట్టిగా నొక్కమని గదమాయించరు. వేలిని ఎముక తగిలే పక్కకు కాస్త తిప్పించి, గిటార్ మెడ వెనక బొటనవేలిని కిందికి దింపించి, ఒక్కొక్క తీగనూ విడిగా మీటించి ఏది పలకడం లేదో మన చేతే చెప్పిస్తారు. ఏ పాఠమైనా లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి మొదలుపెడతారు. తప్పు లేకుండా వచ్చిన తరువాతే వేగం పెంచనిస్తారు.

చిక్కు ఆ వేగంతోనే వస్తోంది. ఉదయం బ్యాచ్‌లో పిల్లలు మేజర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల స్కేలును మెడ పొడవునా మెరుపులా పరుగెత్తిస్తారు. అవి మన మోహన రాగపు స్వరాలేనని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. స రి గ ప ద లను ఎంత జోరుగా ఎక్కి దిగినా, గాంధారం మీద నిలవకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియకుండా వాయిస్తే మోహనం పలకదు. వార్షికోత్సవంలో చప్పట్లు మాత్రం ఆ జోరుకే పడతాయి. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి వీడియోలు తీసేదీ అప్పుడే.

సాయంత్రం బ్యాచ్ పెద్ద మాస్టారిది. ఆయన ఒక అమ్మాయి చేత పాట పాడించి, శ్రుతి చెప్పకుండా మమ్మల్ని పక్కన వాయించమంటారు. ఆ అమ్మాయిది ఐదో శ్రుతి అని చెవితో పట్టుకుని, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే కాపో అనే బిగింపును మూడో ఫ్రెట్‌లో పెట్టి, ‘ఇ’ (E) కార్డ్ ఆకారంతో మొదలుపెట్టడానికి మాకు చాలా సమయం పట్టింది. మా అందరిలోకీ చురుకైన కుర్రాడు చరణం నడుస్తుండగానే తనకు వచ్చిన విద్యంతా ప్రదర్శించబోతే, మాస్టారు తీగల మీద అరచెయ్యి వేసి ఆపి, "బాబూ, ఆవిడ మాట పూర్తి కానీ," అన్నారు. తరువాత ఆ కుర్రాడు పంక్తికీ పంక్తికీ మధ్య రెండేసి స్వరాలే వేశాడు, పాట నిండుగా వినిపించింది. నా దృష్టిలో ఈ తరగతికి కట్టే ఫీజు ఆ పాఠంతోనే గిట్టుబాటైంది.

కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి 1987లో మరణించేవరకు గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ సోలోలు దాదాపు వాయించనేలేదు. బీటుకొక కార్డ్ చొప్పున లయను పట్టి నిలపడమే ఆయన పని. మా ఉదయం బ్యాచ్ కొలతలతో చూస్తే ఆయన సాధారణ గిటారిస్టు కిందే లెక్క. ఆ బృందానికి మాత్రం ఆయన వెన్నెముక. అంత దూరం వెళ్ళనక్కరలేదు. ఇదే ఊళ్ళో 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పారు. గిటార్ లాగే వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిన వాద్యమే, అయినా మన సంగీతానికి ఒదిగింది. ఫ్రెట్లు లేని వయొలిన్ మీద వేలు జారినంత సులువుగా గిటార్ మీద గమకం పలకదన్నది నిజమే; తీగను పక్కకు లాగి, శ్రుతిని పైకి వంచి సాధించవలసిందే. పెద్ద మాస్టారు దాన్ని కూడా నేర్పుతారు, అయితే అడిగినవారికే.

వసతుల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. పక్క గదిలోని కీబోర్డు తరగతి మోత గోడ దాటి వస్తుంది. తరగతి గిటార్లకు తీగలు తుప్పుపట్టి ఉన్నాయి, పైగా ఫ్రెట్లకు బాగా ఎత్తులో ఉండటంతో చిన్నపిల్లల వేళ్ళు కోసుకుపోతాయి; కాబట్టి సొంత గిటార్ తీసుకువెళ్ళడం మేలు. ఫీజు కట్టేముందు సాయంత్రం బ్యాచ్‌లో ఒకరోజు కూర్చోనివ్వమని అడగండి, కాదనరు. అందులో ఖాళీ లేదని ఉదయానికి చేర్చుకోబోతే, చోటు దొరికేదాకా ఆగమనే నా సలహా.